నలభై నిమిషాల నొప్పి

"విదేశీ ముఠా మనుషుల పేర్లన్నీ ఆ పేషెంటు నోట్లోనే ఉన్నాయి. అతను పోయాడో, నీ ఉద్యోగం ఊడినట్టే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ముంగిసకి చీఫ్ అంటే ఒళ్లు మంట. చీఫ్‌కీ అంతే.

పేషెంటు ముఠా నుంచి పారిపోయి వచ్చిన, వాళ్ల రహస్య సందేశాలు రాసే కోడ్ క్లర్కు. తొడలో తూటా తీసి అప్పుడే వార్డుకు తెచ్చారు. అతన్ని సరిహద్దు దాటించి తెచ్చిన అందగత్తె మన ఏజెంటే, పైగా అతని అక్క కూతురని ఫైల్లో ఉంది. ముంగిస ఫార్మసిస్టు వేషంలో మంచం పక్కన కాపలా ఉన్నాడు.

అందగత్తె ముంగిస చేతికి ఒక కాగితం ఇచ్చింది. "జీన్ టెస్ట్ రిపోర్ట్. నొప్పి మందు ట్రమడాల్ పడుతుందని ఉంది. త్వరగా ఇవ్వండి, మా బాబాయ్ నొప్పికి ఓర్చుకోలేడు."

ముంగిస ఉలిక్కిపడ్డాడు. అమ్మ తమ్ముడు మావయ్య గానీ బాబాయ్ ఎలా అవుతాడు? ఈమెకు తెలుగు నేర్పినవాడెవడో 'అంకుల్' అంటే ఒకటే మాట రాయించినట్టున్నాడు.

అగ్గిపెట్టంత జీన్ టెస్టర్ తీసి, పేషెంటు బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి అందులో పెట్టాడు. "నలభై నిమిషాలు ఆగాలి," అని సిరంజి నింపుతున్న నర్సును ఆపాడు.

"నొప్పితో చస్తుంటే మళ్లీ టెస్టులేంటి? మనిషివేనా నువ్వు?"

చెవిలో చీఫ్ అరిచాడు. "రిపోర్ట్ ఉందిగా! ఇవ్వనివ్వు, ఇది ఆర్డర్!"

ముంగిస ఇయర్‌పీస్ పీకి జేబులో పడేశాడు. మూలుగులు వింటుంటే నిజంగానే జాలేసింది. అనుమానం తప్పయితే ఒక మనిషిని ఊరికే హింస పెట్టినట్టే.

ముప్పై తొమ్మిదో నిమిషానికి నర్సు ఓపిక చచ్చింది. సిరంజి సెలైన్ గొట్టానికి తగిలించి, బొటనవేలు ఆనించింది. టెస్టర్ కుయ్‌మంది.

"ఆపండి!" ముంగిస ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఈయనది అల్ట్రా రాపిడ్ రకం. ఈ మందు ఈయన ఒంట్లో మరీ వేగంగా మత్తుగా మారుతుంది. అందరికీ ఇచ్చే డోసే ఈయన ఊపిరి ఆపేయొచ్చు. ఆ రిపోర్ట్ దొంగది!"

అందగత్తె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. ముంగిస కన్నా ముందు నర్సే స్టీలు ట్రేతో ఒక్కటిచ్చింది. పిస్టల్ మంచం కిందికి దొర్లింది.

అందగత్తెకు బేడీలు వేశాక ముంగిస చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"నొప్పికి ఏమిచ్చారు?"

"ఆయనకు సరిపడే వేరే మందు సార్. ఇంకా ఎక్కలేదు. తనను ఈ గతికి తెచ్చినవాళ్లను పేరుపేరునా తిడుతున్నాడు, నేను రాసుకుంటున్నా. పదకొండు మంది అయ్యారు. పన్నెండో తిట్టు మీకు సార్, అది నా తరఫున."