టక్కుమనే కెమెరా, కిమ్మనని కెమెరా

వయొలిన్ ఆగీ ఆగనట్టున్న చోట నా కెమెరా టక్కుమంది.

హాలంతా ఊపిరి బిగబట్టి వింటోంది. వాయిస్తున్న పెద్దాయన కళ్ళు మూసుకుని, కమానును తీగ మీద వెంట్రుకవాసి కదుపుతున్నాడు. ఆ ముఖం కోసమే గంట నుంచి గోడకి ఆనుకుని నిలబడ్డాను. దొరికింది, తీశాను. వంటింట్లో స్టీలు మూత జారిపడ్డట్టు వినిపించింది.

ముందు వరుసలో ఒక అమ్మాయి వెనక్కి తిరిగింది. పెదవుల మీద వేలు పెట్టింది. కళ్ళతో మాత్రం ఇంకేదో అంది. ఆ మాట ఇక్కడ రాయను.

ఆమె ఒళ్ళోనూ ఒక కెమెరా ఉంది. అరచేతిలో పట్టేంత. నా వైపు చూస్తూనే దాన్ని ఎత్తింది, పెద్దాయన వైపు తిప్పింది, దించింది. చీమ చిటుక్కుమనలేదు. 'చూశావా?' అన్నట్టు ఒక కనుబొమ్మ ఎగరేసింది.

విరామంలో నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"అది కెమెరానా? ఎవరో షాపు మూసేస్తున్నారనుకున్నాను."

"కెమెరానే."

"ఎన్నేళ్ళది?"

"ఎనిమిది."

"ఇంకా బతికే ఉందా?"

"బతికుంది కాబట్టే పలుకుతోంది."

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని పళ్ళతో పట్టి ఆపింది. ఆ రోజు నేను తీసిన వాటిల్లో పెద్దాయన ముఖమే బాగా వచ్చిందని అందరూ అన్నారు. నాకు మాత్రం తీయకుండా వదిలేసిన ఆ నవ్వు ఫోటోనే గుర్తుండిపోయింది.

మర్నాడు స్టూడియోకి వెళ్తే ఆ అమ్మాయి మా యజమాని కుర్చీలో కూర్చుని కాళ్ళూపుతోంది.

మా యజమాని ఒకప్పుడు డ్రాయింగు పాఠాలు చెప్పేవారు. అందుకే అందరూ మాస్టారు అంటారు. నేను ఆయన దగ్గర చేరి రెండేళ్ళు. గోడ మీద ముందు పళ్ళు రెండు లేని పిల్ల ఫోటో ఒకటుంటుంది, రోజూ దాని దుమ్ము తుడుస్తాను. ఫోటోగ్రఫీ చదువుకి వేరే ఊరు వెళ్ళిన మాస్టారి కూతురు ఆ పిల్లేనట. పళ్ళొచ్చాక పోల్చుకోలేకపోయాను.

"నాన్నా, షాపు షట్టరు మనిషి ఇతనేనా?" అంది.

మాస్టారు ఏమీ అర్థం కాక ఇద్దర్నీ చూశారు. తర్వాత గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పారు.

"ఇంత చిన్న స్టూడియోకి ఒక్క కెమెరా చాలు, ఒక్క ఫోటోగ్రాఫర్ చాలు. లోపల అద్దముండే పాత డీఎస్ఎల్ఆర్ ఉంచాలా, అమ్మాయి తెచ్చిన, అద్దం లేని మిర్రర్‌లెస్‌తో సాగాలా, నెల రోజులు చూస్తాను. పెద్ద స్టూడియో వాళ్ళు అమ్మాయిని రమ్మంటున్నారు. నిన్ను మీ అన్నయ్య మొక్కల నర్సరీకి రమ్మంటున్నాడు కదా. ఇద్దరికీ దారులున్నాయి, ఎవరికీ అన్యాయం జరగదు."

నిజమే. మా అన్నయ్య వారానికోసారి ఫోన్ చేస్తాడు. "ఒరేయ్ తమ్ముడూ, అక్కడ అద్దాలు తుడిచింది చాలు, ఇక్కడ గులాబీ అంట్లు కడదాం రా" అంటాడు. నాకు ఆ పనీ వచ్చు. ఏ పని చేసినా బాగానే చేస్తానని నాకు తెలుసు. గెలుస్తానన్న నమ్మకమూ ఉంది.

వారం తిరిగేసరికి ఒక సంగతి అర్థమైంది. నేను గెలిస్తే ఆమె వెళ్ళిపోతుంది. ఆమె గెలిస్తే నేను వెళ్ళిపోతాను. ఎటు చూసినా ఇద్దరం ఒక చోట ఉండం.

*

ఒక బామ్మగారు ఫోటోకి వచ్చారు. మాస్టారి కూతురు స్టూలు మీద కూర్చోబెట్టి, లైట్లు సర్ది, తన కెమెరాతో ఇరవై ఫోటోలు తీసింది. బామ్మగారు మెడ బిగించి, కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చునే ఉన్నారు.

"ఎప్పుడు తీస్తావమ్మా? మెడ పట్టేస్తోంది."

"తీసేశాను బామ్మగారూ!"

"చప్పుడేదీ? పెద్దదాన్ని చేసి ఆట పట్టిస్తున్నావా?"

ఇరవై ఫోటోల్లోనూ బామ్మగారు దొంగని చూసినట్టే ఉన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను లేచి, నా కెమెరాతో ఒకసారి టక్కుమనిపించాను.

"హమ్మయ్య!" అని బామ్మగారు భుజాలు దించి, బోసి నోటితో నవ్వారు. అప్పుడు రెండోసారి టక్కుమనిపించాను.

ఆవిడ వెళ్ళాక మాస్టారి కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మొదటి దాంట్లో ఏముంది?"

"ఏమీ లేదు. ఫోకస్ కూడా చూసుకోలేదు."

"అంటే?"

"మొదటి టక్కు వాళ్ళకి. అయిపోయిందనుకుని మామూలు మనుషులవుతారు. రెండోది మనకి."

ఆమె నా కెమెరా లాక్కుని ఆ రెండో ఫోటో చూసుకుంది. తర్వాత, "ఈ మాట చెప్పడానికి పది రోజులు పట్టిందా మౌనవ్రతం గారూ?" అంది.

"మీరడగలేదు."

"దీనికీ సెట్టింగుల్లో చప్పుడు పెట్టుకోవచ్చు. కానీ అది స్పీకర్లోంచి వచ్చే ఉత్తుత్తి చప్పుడు. నాకిష్టం లేదు."

"నాకూ."

ఆ రోజు నుంచి నాకు మౌనవ్రతం అనే పేరు ఖాయమైంది. నేను ఆమెకి తూనీగ అని పేరు పెట్టుకున్నాను, ఒక్కచోట నిలవదు కాబట్టి. పైకి మాత్రం అనలేదు.

*

మరో రోజు బయట పని ముగించుకుని వస్తుంటే వాన పట్టుకుంది. మూసి ఉన్న ఒక దుకాణం చూరు కింద ఇద్దరం ఇరుక్కుని నిలబడ్డాం. మధ్యలో రెండు కెమెరా సంచులు.

"ఒకసారి మార్చుకుందామా?" అంది.

ఆమె కెమెరాకి కన్ను ఆనించాను. లోపల బుల్లి టీవీ ఉంది. వెలుతురు తగ్గిస్తే ఎంత తగ్గుతుందో, పెంచితే ఎంత పెరుగుతుందో తీయకముందే కనిపిస్తోంది. ఆమె వైపు తిప్పితే చిన్న గడి ఒకటి ఎగిరొచ్చి ఆమె కంటి మీద వాలింది. ఆమె కదిలితే గడీ కదిలింది. నేను రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్న పని అది ఆడుతూ పాడుతూ చేస్తోంది.

"బాగుంది," అన్నాను. బాగున్నదాన్ని బాగుందనడానికి నాకేమీ మొహమాటం లేదు.

"అంతేకాదు, ముఖాలు కూడా గుర్తుపెట్టుకుంటుంది. మనం ఒక ముఖం చూపించి ఉంచితే, ఎంత గుంపులో ఉన్నా ముందు ఆ మనిషినే వెతుక్కుంటుంది."

"ఎవర్ని గుర్తుపెట్టుకుంది?"

"ఎవర్నీ లేదు!" అంది చటుక్కున. అని వాన వైపు తిరిగింది.

నా కెమెరాలోంచి చూస్తూ, "అబ్బ!" అంది. "ఇది స్క్రీన్ కాదు కదూ. వాన వానలాగే ఉంది."

"అద్దంలోంచి వచ్చే అసలు వెలుతురు."

"కానీ ఒక లోపం ఉంది సార్. బటన్ నొక్కగానే లోపల అద్దం పైకి లేస్తుంది, కంటికి చీకటి. అంటే మీరు ఏ క్షణాన్ని ఫోటో తీస్తారో ఆ క్షణాన్ని మీరు చూడరు. పాపం కదా?"

"అందుకే ముందే బాగా చూసుకుంటాను," అన్నాను.

అప్పుడు నేను చూస్తున్నది వానని కాదు. ఆమెకి తెలిసింది. చెవి వెనక్కి జుట్టు తోసుకుంది, మళ్ళీ ముందుకి లాక్కుంది. అంతలో నా చేతిలోని కెమెరా ఆరిపోయింది.

"బ్యాటరీ అయిపోయింది. ఇవాళ ఇది మూడోది," అంది నసుగుతూ.

"తిండిపోతు."

"పోనీ, మీది ఉపవాసాల మనిషి!"

వాన తగ్గింది. ఇద్దరం ఇంకాసేపు నిలబడ్డాం. కారణం ఎవరూ అడగలేదు.

*

నెలాఖరున మాస్టారు చివరి పరీక్ష పెట్టారు. మా వీధి చివర తపాలా కార్యాలయంలో పోస్ట్‌మాస్టర్ గారు రిటైరవుతున్నారు. సిబ్బంది ముప్పై ఇద్దరు, మూడు వరుసలు. ఒకే చోట నుంచి ఇద్దరం చెరో ఫోటో తీయాలి. ఏది బాగుంటే ఆ కెమెరా ఉంటుంది.

ముందు నేను తీశాను. మొదటి టక్కుకి అందరూ ఊపిరి వదిలారు. పక్కనున్న గుమాస్తా ఏదో అంటే పోస్ట్‌మాస్టర్ గారు కళ్ళజోడు తీసి పగలబడి నవ్వారు. రెండో టక్కు.

తర్వాత ఆమె వంతు. సన్నగా తుంపర మొదలైంది, మబ్బు కమ్మింది.

"ఫోటోలు తీసే అబ్బాయి ఎప్పుడూ ఫోటోలో ఉండడు. నువ్వూ రావయ్యా!" అని పోస్ట్‌మాస్టర్ గారు పట్టుబట్టారు. వెళ్ళి వెనక వరుస చివర, బల్ల మీద నిలబడ్డాను. వెలుతురు చాలడం లేదని ఆమె లెన్సు పూర్తిగా తెరిచింది. అంత తెరిస్తే ఒక్క వరుసే స్పష్టంగా వస్తుంది, మిగతావి మసకబారతాయి. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. తుంపరలో తొందర, కెమెరా మీద నమ్మకం. నాలుగు ఫోటోలు తీసింది. చప్పుడు లేదు.

అందరూ చెదిరిపోయారు. ఆమె ట్రైపాడ్ మడిచి జుట్టులో నీళ్ళు విదిలించుకుంది. నేను చెయ్యాల్సిన పని ఒకటి మిగిలింది. చేశాను.

సాయంత్రం మాస్టారు రెండు కెమెరాల ఫోటోలూ పెద్ద స్క్రీన్ మీద పెట్టారు. నా ఫోటోలో మూడు వరుసలూ ఉన్నాయి, నవ్వూ ఉంది. తల ఊపి, కూతురి ఫోటో తెరిచారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు. మళ్ళీ దించారు.

"ఏమ్మా, రిటైరైన మనిషి పొగమంచులో ఉన్నాడేమిటి? ముందు వరుస మసక. నడిమి వరుస మసక. వెనకాల ఈ చివర నిలబడ్డవాడి కనురెప్పలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు!"

రెండో ఫోటో తెరిచారు. నా కనురెప్పలు. మూడోది, నాలుగోది. నా కనురెప్పలే.

"కెమెరా పాడైందేమో నాన్నా," అంది ఆమె.

మాస్టారు ఆ కెమెరా చేతిలోకి తీసుకుని మెనూ తిరగేయడం మొదలుపెట్టారు. ఆమె లాక్కోబోయింది. ఆయన అటు తిరిగారు.

"గుర్తుపెట్టుకున్న ముఖాలు, ఒకటి," అని చదివి, స్క్రీన్ మా వైపు తిప్పారు.

నేనే. నేరుగా చూస్తున్నాను, పెదవుల చివర నవ్వు. ఆ ఫోటో ఎప్పుడు తీసిందో నాకు తెలియనే తెలియదు. వెనక దుకాణం చూరు, వాన ధార కనిపించాక తెలిసింది. బ్యాటరీ మార్చి ఎప్పుడు తీసిందో ఏమో.

ఆమె గోడ మీది పళ్ళు లేని పిల్లని చూస్తోంది.

"సరే," అన్నారు మాస్టారు. "పరీక్ష ఫలితం తేలిపోయింది. పాత కెమెరా గెలిచింది. అమ్మాయి పెద్ద స్టూడియోకి..."

"మాస్టారూ," అన్నాను.

రెండేళ్ళలో ఆయన మాటకి నేను అడ్డు రావడం అదే మొదటిసారి. ఆయన కూడా గమనించినట్టున్నారు, కుర్చీలో కూర్చున్నారు.

"కెమెరా తప్పు లేదు. దానికి చెప్పిన పని అది చేసింది. వయొలిన్ కచేరీకి నా కెమెరా పనికిరాదు, నేనే పాడు చేశాను. బామ్మగారికి ఆమె కెమెరా పనికిరాలేదు. రెండూ ఉంటే ఏ పనీ వెనక్కి పోదు. మాకిద్దరికీ చాలినంత పని ఉంది, నేను చూపిస్తాను."

"ఇది స్టూడియో సంగతి. బాగానే ఉంది. ఇంకో సంగతి ఉందా?"

"ఉంది." చెప్పాల్సింది ఒకటే, అది నాకు బాగా తెలుసు. "నా కెమెరాకి ముఖాలు గుర్తుపెట్టుకోవడం రాదు మాస్టారూ. ఆ పని నేనే చేస్తున్నాను. వయొలిన్ కచేరీ రోజు నుంచి."

ఆమె గిర్రున తిరిగింది.

"పెద్ద చెప్పొచ్చావు! నీ కెమెరా మూడోసారి టక్కుమంటే నాకు వినిపించదనుకున్నావా?"

మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

"మూడోదేమిటి?" అన్నారు మాస్టారు.

"మొదటి టక్కు వాళ్ళకట, రెండోది మనకట. ప్రతి పనిలోనూ అందరూ వెళ్ళిపోయాక ఇంకోటి వినిపిస్తుంది నాన్నా. నేను ఎటో చూస్తున్నప్పుడు. పది రోజులుగా లెక్కపెడుతున్నాను. ఇవాళ్టిది కూడా."

మాస్టారు నా కెమెరా మెమరీ కార్డులో వెతికారు. ఉంది. ట్రైపాడ్ చంకలో పెట్టుకుని, జుట్టులో తుంపర విదిలిస్తూ ఆమె. నీటి చుక్కలు గాలిలో ఆగిపోయి ఉన్నాయి. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. కూతురి ఫోటో చూస్తున్న తండ్రి చూపు కాసేపు, మంచి ఫోటో చూస్తున్న మాస్టారి చూపు కాసేపు.

"మీ అన్నయ్య నంబరివ్వు," అన్నారు.

ఇచ్చాను. ఆయన లేచి ఫోన్ చేశారు. "మీ తమ్ముడు అంట్లు కట్టడానికి రాడండీ, మీరే ఒకసారి మా ఇంటికి రావాలి" అనడం, అవతల అన్నయ్య "వాడు నోరు తెరిచాడా!" అని అరవడం మా ఇద్దరికీ వినిపించింది.

ఫోన్ పెట్టేసి మాస్టారు నా పాత కెమెరా అందుకున్నారు.

"నిలబడండి ఇద్దరూ. అక్కడ, తెర ముందు."

నిలబడ్డాం. ఆమె భుజం నా మోచేతికి తగిలింది. వెనక్కి తీసుకోలేదు. కెమెరా టక్కుమంది.

మేం కదల్లేదు. నవ్వు దాచుకుని, రెండోదాని కోసం బిగుసుకుని నిలబడ్డాం. మాస్టారు కెమెరా బల్ల మీద పెట్టేసి, లైటు తీసేయబోయారు.

"నాన్నా, రెండోది?"

"రెండోది పెళ్ళిలో తీస్తాను," అన్నారు మాస్టారు.