కండక్టరమ్మకు చెప్పకుండా

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో హడావిడి అంతా ఇంతా కాదు. కండక్టరమ్మ భోజనం డబ్బాలు సర్దింది, నీళ్ళ సీసాలు నింపింది, తాళం వేసి లాగి చూసింది. మళ్ళీ తాళం తీసి, స్టవ్ కట్టేశానో లేదోనని లోపలికెళ్ళి చూసొచ్చింది. ఆమె రిటైరై చాలాకాలమైనా వీధి మొత్తం ఆమెను కండక్టరమ్మ అనే పిలుస్తుంది. భర్త ఆమె పనిచేసిన బస్సుకే డ్రైవరు. ఏళ్ళ తరబడి ఒకే బస్సులో పనిచేసి, పోట్లాడుకుని, ఆ పోట్లాట ఇంటికి మార్చుకుందామని పెళ్ళి చేసుకున్నారు. ఇప్పుడాయన పాత కారు స్టార్ట్ చేసి కూర్చున్నాడు గానీ గేరు వెయ్యడే!

“రైట్ రైట్!” అంది కండక్టరమ్మ ఎక్కి తలుపు వేసుకుని.

అప్పుడు కదిలింది కారు. ఆమె రైట్ అంటే కదలాలి, హోల్డాన్ అంటే ఆగాలి. ఉద్యోగం పోయినా ఆ పద్ధతి పోలేదు.

“కోట చూద్దామని ఎప్పట్నుంచో మొత్తుకుంటుంటే ఇన్నాళ్ళకి కనికరించారు తండ్రీకూతుళ్ళు,” అందామె సంబరంగా.

వెనక సీట్లో గోళ్ళు కొరుక్కుంటున్న కూతురు, అద్దంలో తండ్రి వైపు చూసింది. ఆయన చటుక్కున చూపు రోడ్డు మీదికి తిప్పేసుకున్నాడు.

బయట ఎండ మండిపోతోంది గానీ, కోటగోడ దాటి తోటలో అడుగుపెట్టగానే చల్లగాలి ఒంటికి తగిలింది. మెట్లు మెట్లుగా దిగే పూలమళ్ళు, రాతి కాలవల్లో గలగలమంటూ నీళ్ళు, ఒకప్పుడు కాపలావాళ్ళు తిరిగిన గోడల మీదికి ఎగబాకిన గులాబీ తీగలు. కండక్టరమ్మ మొహం చేటంత అయింది. కాలవ మీది చిన్న వంతెనకు అడ్డంగా నిలబడి ఫొటోలు దిగుతున్న గుంపును చూసేసరికి మాత్రం ఊరుకోలేకపోయింది.

“ముందుకు జరగండి, ముందుకు జరగండి! అవతల బోలెడంత ఖాళీ ఉంది!”

ఎవరూ ఎదురు చెప్పకుండా జరిగారు. ఆ గొంతు అలాంటిది.

మొక్కల నర్సరీలో పనిచేసే కూతురికి మాత్రం చేతులు ఊరుకోవడం లేదు. జారిపోయిన తీగను ఎత్తి గోడకు ఆనిస్తోంది. ఎదురుగా వచ్చిన, తోట పనులు చూసుకునే పెద్దాయన ఆమెను చూసి ఆగాడు.

“వచ్చావా అమ్మా? నీ గదికి సున్నం వేయించాం. సాయంత్రం గేటు మూసేలోగా ఏదో ఒక మాట చెప్పెయ్యి, లేకపోతే ఇంకొకరిని పెట్టుకోవాలి,” అని చెప్పి తన దారిన వెళ్ళిపోయాడు.

“ఏ గది?” అంది కండక్టరమ్మ.

కూతురు తల దించుకుంది. “ఇక్కడ పనికి తీసుకుంటామన్నారమ్మా. పొద్దున్నే నీళ్ళు పెట్టాలి కాబట్టి ఇక్కడే ఉండాలి. సెలవు రోజు ఇంటికొచ్చేస్తా.”

“మీకు తెలుసా?” ఈసారి ప్రశ్న భర్తకు.

“అంటే… కొంచెం తెలుసు,” అంటూ ఆయన ఎత్తయిన బురుజును మహా శ్రద్ధగా చూడసాగాడు.

“కొంచెం తెలియడమేంటండీ? అందుకా ఈ షికారు!”

“నువ్వు వద్దంటావని భయమేసిందమ్మా. తోట చూస్తే నీ మనసు మారుతుందేమోనని…”

“అడక్కుండానే వద్దంటానని తేల్చేశావా? ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా దిగేటప్పుడు నాకు చెప్పి దిగేవాళ్ళే! కడుపున పుట్టినదానివి, డ్రైవరుకు చెప్పి కండక్టరుకు చెప్పకుండా దిగిపోతావా?”

చెట్టునీడలో మూతులు ముడుచుకునే భోజనాలు కానిచ్చారు. చివరికి కండక్టరమ్మే నోరు విప్పింది.

“ఇది లేకపోతే ఇంట్లో నేనెవర్ని కసురుకోవాలి?”

“నేనున్నాగా,” అన్నాడు భర్త.

“మీరా! మీ చెవికి రైట్, హోల్డాన్ తప్ప మూడోమాట ఎక్కితే కదా!”

“నీకిష్టం లేకపోతే మానేస్తానమ్మా,” అంది కూతురు. మాట తల్లితోనే గానీ చూపు గులాబీ తీగల మీదుంది. కండక్టరమ్మకు ఆ చూపు తెలుసు. కాళ్ళు పీకేస్తున్నా పొద్దున్నే బస్సెక్కడానికి తను ఎంత తొందరపడేదో గుర్తొచ్చింది. పిల్ల నిజంగానే మానేస్తుందని కూడా తెలిసింది. దిగులు పోలేదు గానీ కోపం మాత్రం నీరుగారిపోయింది. అయినా బెట్టు వదల్లేదు.

సాయంత్రం భర్త కారు స్టార్ట్ చేశాడు. కండక్టరమ్మ ముందు కూర్చుంది. కూతురు తోటవైపు ఒకసారి చూసి, మెల్లగా వెనక తలుపు తెరిచింది.

“హోల్డాన్!” అంటూ దిగింది కండక్టరమ్మ. “పద, ఆ గదేదో చూపించు.”

కోటగోడను ఆనుకున్న చిన్న గది అది. ఆమె కుళాయి తిప్పి చూసింది, గడియ లాగి చూసింది, కిటికీలోంచి తొంగి చూసింది.

“గడియ వదులుగా ఉంది, మార్పించుకో. కిటికీకి తెర నేను కుట్టి తెస్తా.”

“అమ్మా… అంటే?”

“అంటే నీ స్టాపు వచ్చిందనే. అరిచి చెప్పడానికి నాకే నోరు రాలేదు.”

కారు దాకా వచ్చాక కూతురు తల్లిని చుట్టేసుకుని వదల్లేదు. కండక్టరమ్మ కళ్ళు నిండిపోయాయి.

“చాల్లే, గేటు మూసేస్తారు. వెళ్ళి ఆ తోట పెద్దాయనకు మాట చెప్పు,” అంటూ కూతుర్ని తోటవైపు తోసి, పాత అలవాటుకొద్దీ పక్కనున్న కారు మీద చేత్తో టకటకా కొట్టింది. “రైట్ రైట్!”

ఆ మాట కూతురికి. కదిలింది మాత్రం కారు! డ్రైవరుగారు వెనక్కి చూసిన పాపాన పోకుండా దర్జాగా గేటు దాటించేశారు.

కండక్టరమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. కన్నీళ్ళలోనే నవ్వు తన్నుకొచ్చింది.

“హోల్డాన్!” తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్కసారే అరిచారు.

కారు టక్కున ఆగింది.

“ఆయన సంగతి నేను చూసుకుంటాలే,” అంది కండక్టరమ్మ చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. “నువ్వు పరిగెత్తు.”