అత్త నాడి, అల్లుడి డప్పు

ఏసోబు డప్పును మంట మీద కాస్తుంటే మణికట్టు మీది తోడునాడి పట్టీ చిన్నగా తట్టింది. నిమిషానికి అరవై రెండు. అది అతని గుండె కాదు, అత్త మార్తమ్మది.

కాకినాడలో తోడునాడి లేని చెయ్యి ఇప్పుడు అరుదు. ఒకరి గుండె చప్పుడు ఎంత దూరానున్న తోడుకైనా చర్మం మీద తెలుస్తుంది. అదుపు తప్పితే తోడు పరుగెత్తుకొస్తుంది. తోడు గుండె ఇటు తట్టడం మాత్రం బంధం తెగలేదనడానికి గుర్తు, అంతే. రేవులో క్రేను నడిపే మార్తమ్మను అతనికి తోడుగా ఎంచింది డాక్టరే. అంత నిలకడైన నాడి ఆ ఇంట్లో మరెవరికీ లేదు.

రెండేళ్లు ఏసోబు 'జిగి' మింగాడు. ప్రయోగశాలలో పుట్టిన ఆ నీలం బిళ్ల వేసుకుంటే తొమ్మిది గంటలు వాయించినా చెయ్యి నొప్పెట్టేది కాదు. తర్వాత మూడు రోజులు నిద్రుండేది కాదు. పళ్లు కొరికి దవడ వాచేది. భార్య తలుపు తీస్తే పోలీసులనుకునేవాడు. చివరికి ఊరేగింపులోనే కుప్పకూలాడు. గుండె ఉబ్బిందనీ, ఇంకొక్క బిళ్లకు ఆగిపోవచ్చనీ డాక్టరు చెప్పింది.

ఈరోజు రేవులో, ఎండతో నడిచే కొత్త సూర్యపడవను నీట దించుతున్నారు. బిళ్ల లేకుండా అతనికిది మొదటి మేళం. చెడగొడితే జట్టులో చోటుండదని నాయకుడు భూషణం ముందే చెప్పేశాడు.

మేళం మొదలైంది. చెడిపోయేలాగే ఉంది. జట్టంతా జిగి వేగానికి అలవాటు పడింది. అతని దరువు ఓసారి ముందుకు దూకుతోంది, ఓసారి వెనకబడుతోంది. ఆడేవాళ్లు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. భూషణం పక్కకొచ్చి గుప్పిట విప్పాడు. అందులో నీలం బిళ్ల.

"సగం ఏస్కోరా. సగానికేం అవ్వదు."

ఏసోబు చెయ్యి చాచాడు. ఆ మణికట్టు మీదే అత్త గుండె తడుతోంది. తొందర లేదు, తడబాటు లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఒక్కో తట్టుకు ఒక్కో దెబ్బ చొప్పున వాయించసాగాడు.

జట్టు కలిసింది. రెండేళ్లుగా జిగి వేగానికి జడిసి గోడవారన నిలబడ్డ ముసలివాళ్లు లుంగీలు ఎగ్గట్టి దిగారు. రేవంతా నవ్వులు.

కాసేపటికి తట్టు పెరిగింది. ఎనభై. నూట పది. దరువూ దాని వెంటే పరిగెత్తింది. ఏసోబు తలెత్తి చూశాడు. గట్టున కూర్చోవలసిన మార్తమ్మ గుంపు మధ్యలో కొంగు దోపి ఆడుతోంది.

నూట ముప్పై. అరవై దాటిన మనిషి. అతను దరువు తగ్గించాడు. ఆమె అడుగు నెమ్మదించింది, దాంతోపాటే నాడీ దిగింది.

"ఏవయ్యా, ఎందుకు తగ్గించేసేవ్?"

"నీ గుండె పరిగెట్టేత్తంది అత్తా."

"నీ గుండె కాయమని కదా నాకిది కట్టేరు? నాది నువ్వు చూసేదేంటి?"

తొంభైకి దిగేదాకా ఏసోబు దరువు పెంచలేదు.