కడిగిన తిత్తి

"తెమిర్ఖాన్, నీ భార్యను అరెస్టు చేశాం. కూర్చో."

తెమిర్ఖాన్ కూర్చున్నాడు. నిలబడే ఓపిక ఎలాగూ లేదు.

"టాల్డిబులాక్ ల్యాబ్ నుంచి ఒక ట్యూబు పోయింది," అన్నాడు కర్నల్ ఒరిన్‌బాయ్. "మందులకు లొంగని ప్లేగు. ల్యాబ్ తాళంచెవి నీ రౌషన్ దగ్గరుంది. కొనేవాడు సరిహద్దు అవతల కాచుక్కూర్చున్నాడు. సాయంత్రంలోపు దొరక్కపోతే దేశద్రోహం కేసు ఆమె మీదే."

"తులిప్ ఏమంటోంది?"

తులిప్ అనేది ఐగానిమ్ మారుపేరు. ఒకప్పుడు ల్యాబ్ ఉద్యోగి, ఇప్పుడు దొంగల ముఠాలో నిఘా శాఖ పెట్టిన మనిషి. ఆమె నవ్వితే రాయబారులు సంతకాలు మరిచిపోయేవాళ్లు.

"ట్యూబు సూట్‌కేసులో వెళ్తోందట. మధ్యాహ్నం విమానం, పదో నంబరు సీటు."

"అయితే విమానం కాదు. తులిప్ ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు."

లాకప్‌లో రౌషన్ గోడకానుకుని కూర్చుంది.

"వచ్చావా? ఇంకాస్త ఆగి రావాల్సింది, భోజనం పెట్టేవాళ్లు."

"ట్యూబును ఎలా మోస్తారు?"

"చల్లగా. ఎలుకల ఒంటిమీది గెంతుపురుగు కడుపులో చల్లగా ఉన్నంతసేపూ ఆ సూక్ష్మజీవి జిగురు గూడు కట్టుకుని పురుగు గొంతుకు అడ్డంపడుతుంది. ఆకలితో అది కనిపించినవాణ్ణల్లా కుడుతుంది. మనిషి ఒంటి వేడి తగిలిందా, వేరే జన్యువులు మేలుకుంటాయి. ఆయుధాలు బయటికి తీస్తుంది."

"వేడిలో మోస్తే?"

"ట్యూబులో వేడి ఎక్కువసేపుంటే ఆయుధాల జన్యువుల్నే పారేసుకోవచ్చు. యుద్ధం లేనిచోట కత్తి మోయడం దానికీ బరువే. నీలాగే."

అల్మాటీ బస్టాండులో ఎండ నిప్పులు కురుస్తోంది. టికెట్ల తనిఖీదారు వేషంలో తెమిర్ఖాన్ సరిహద్దు బస్సు దగ్గర చల్లటి సరుకు కోసం వెతికాడు. తెల్ల తలగుడ్డ ముసలమ్మ ఒకామె తడిగుడ్డ చుట్టిన తోలుతిత్తితో బస్సెక్కుతోంది.

"అందులో ఏముందమ్మా?"

"గుర్రప్పాల కుమిస్, కొడుకా. మనవడి పెళ్లికి."

"ఓ గుక్క పొయ్యవూ, గొంతెండిపోయింది."

దాహమన్నవాడికి లేదనే ముసలమ్మ ఈ దేశంలో పుట్టలేదు. గిన్నెలో పోసింది.

తాగాడు. పులుపుంది. పొగ వాసన లేదు, అడుగున ఉండాల్సిన ఘాటు లేదు. అతని తల్లి తిత్తికి పొగ పెట్టేదే తప్ప సబ్బు తగలనిచ్చేది కాదు. లోపలి గోడకు పట్టిన పూతే ఇంటి ఆస్తి. పాలను పులియబెట్టే సూక్ష్మజీవుల గూడు అదే. ఈ తిత్తిని ఎవరో మందునీళ్లతో శుభ్రంగా కడిగేశారు. అది పల్లె అలవాటు కాదు, ల్యాబ్ అలవాటు.

"దిగు, తులిప్."

ఇంజన్ మొదలైంది. ముసలమ్మ వేషంలోని ఐగానిమ్ చెయ్యి తిత్తిలోకి దూరి గాజు ట్యూబుతో బయటికొచ్చింది.

"జరుగన్నా. పగలగొడతా."

"పగలగొట్టు. మొదట నువ్వు, తర్వాత నేను, ఆ తర్వాత బస్సంతా. దానికి మందు లేదని నాకంటే నీకే బాగా తెలుసు."

తలుపు మూసుకోబోయింది. తెమిర్ఖాన్ నొప్పెడుతున్న మోకాలిని అడ్డం పెట్టాడు. ఐగానిమ్ పిడికిలి బిగిసింది, సడలింది. ట్యూబును ఖాళీ గిన్నెలో పెట్టి, అతిథికి టీ ఇచ్చినట్టు రెండు చేతులా అందించింది.

సాయంత్రానికి రౌషన్ విడుదలైంది. ట్యూబు మునిగిన కుమిస్ తాగినవాణ్ని, మోసినదాన్ని పక్కపక్క క్వారంటైన్ గదుల్లో పెట్టి తాళం వేసింది.

"అన్నా," గోడవతల నుంచి ఐగానిమ్, "కుమిస్ మరీ అంత బాలేదా?"

"ఆసుపత్రి వాసనొచ్చింది."

"ఇద్దరూ నోరు మూసుకుని పడుకోండి," అంది రౌషన్. "జ్వరమొస్తే మాత్రం పిలవండి."

తెమిర్ఖాన్ బూట్లు విప్పాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అతని గది బయట సాయుధ కాపలా పెట్టడం ఇదే మొదటిసారి. హాయిగా నిద్రపట్టింది.