నాపరాళ్ల గనిలో మూడో పిలుపు

తెల్లవారుజాము నాలుగు గంటలు. డిసెంబరు చలి. గాలి లేదు. పొగమంచు మాత్రం నేలంతా మోకాలెత్తున పరుచుకుని ఉంది.

అట్లాంటి పొద్దులో మా ఊరి నాపరాళ్ల గనికి బుద్ధున్నవాళ్లు పోరు. మేం పోయినాము.

ఆ గనికి చెడ్డపేరు ఈనాటిది కాదు. ఎప్పుడో రాయి తీస్తుంటే గట్టు విరిగి ముగ్గురు కూలోళ్లు దాని కింద పడినారు. శవాలు కూడా దొరకలేదు. గుంతలో నీళ్లు నిండినాయి. అప్పట్నుంచి చీకట్లో అటు పోయేవాళ్లను ఎవరో పిలుస్తారంట... మనవాళ్ల గొంతుతోనే. పలికితే అంతే సంగతులు.

అందుకని మా పక్క ఒక కట్టుబాటు ఉంది. చీకట్లో ఎవరు పిలిచినా, మూడోసారి పిలిచేదాకా పలకకూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందంట. మూడు దాకా లెక్క రాదేమో పాపం, మా ఊరి బడిలోనే చదివుంటుంది.

మేం ఏసును నమ్మినవాళ్లం. దెయ్యాల్లేవని ఆదివారం ప్రార్థనలో అందరికన్నా గట్టిగా చెప్పేది నేనే. మూడు లెక్కబెట్టడంలో మాత్రం ఎవరికీ తీసిపోను.

నా కొడుకు ఏసేపు కర్నూల్లో ఫోటో స్టూడియోలో పని చేస్తాడు. కర్నూలు రాజధాని అయినాక వాడికి తీరిక లేదు. డేరాల్లో కూర్చునే ఆఫీసర్లందరికీ గోడకు తగిలించుకోను ఫోటోలు కావాల. అవి తీసీ తీసీ విసుగెత్తి, మద్రాసులో ఏదో పోటీ ఉందని యజమాని దగ్గర కెమెరా అడుక్కొని ఊరికొచ్చినాడు. గని మెట్ల మీద తొలి వెలుగు పడేటప్పుడు ఫోటో తీయాలంట.

"రాళ్లకు ఫోటో ఏందిరా?" అన్నా.

"రాళ్లయితే కండ్లు మూయవు మా. మీసం దువ్వుకుని వస్తామని గంట నిలబెట్టవు."

ఒంటరిగా పంపలేక నేనూ, నా తమ్ముడు లాజరూ వెంట పోయినాము. లాజరు భుజాన మూడుకాళ్ల స్టాండు. నా చేతిలో లాంతరు.

గని అంచుకు చేరగానే ఏసేపు చేసిన మొదటి పని — లాంతరు ఆర్పించడం.

"దీని వెలుగు పడితే ప్లేటు చెడిపోతాది. మీరు ఈడే ఉండండి. కదలాకండి."

భేష్. దెయ్యాల గుంత, కారుచీకటి... ఉన్న ఒక్క దీపమూ మా చేతులతోనే ఆర్పినాము.

కెమెరా చంకన పెట్టుకుని, ఫోటో తీసేటప్పుడు తల మీద కప్పుకునే నల్లగుడ్డ మెడకు చుట్టుకుని, స్టాండు ఎత్తుకుని వాడు మంచులోకి దిగినాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు. స్టాండు కాళ్లు రాతికి తగిలిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు...

ఉన్నట్టుండి రాళ్లు జారినాయి.

"మ్మా!"

నోరు తెరిచినా. లాజరు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినాడు.

"పలకాకక్కా..." చెవిలో గుసగుసలాడినాడు. "ఒకటి."

నిలబడినాము. కింద నీళ్లు కదిలినట్టు... కదలనట్టు...

"మ్మా..."

"రెండు," అన్నాడు లాజరు.

నా పండ్లు వాడి వేలిలో దిగినాయి.

ఇరవై రెండేండ్లుగా వింటున్న గొంతు. దాన్ని హాజరుపట్టీలో పేర్ల మాదిరి లెక్కబెడుతూ నిలబడినా.

మూడోది రాలేదు.

ఇంకా రాలేదు...

"మ్మా."

అది కింద నుంచి వచ్చినట్టు లేదు. నా భుజం పక్కనే వినబడింది. అప్పుడు అదంతా ఎవరికి పట్టింది? మూడు నిండినాయి — అంతే. కూర్చుని, జారి, మోచేతులు గీరుకుంటూ మెట్లు దిగినాము. లాజరు అగ్గిపుల్ల గీసినాడు.

ఏసేపు గొంతు దాకా నీళ్లలో ఉన్నాడు. ఒక చెయ్యి రాతి అంచు మీద. రెండో చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు... దాంట్లో కెమెరా. వాడు మునిగినా పరవాలేదు, యజమాని సొత్తు తడవకూడదు కదా!

వాడి మెడలోని నల్లగుడ్డ తీసి, మెలిపెట్టి, చంకల కింద వేసి ఇద్దరం లాగినాము. ఫోటో తీసే గుడ్డ ఆ పొద్దు చేసిన పని అదొక్కటే.

దోవలో నేనే అన్నా, "కోపం పెట్టుకోకు నాయనా. నువ్వు మూడోసారి పిలిచేదాకా కదల్లేదు."

వాడి పండ్లు టకటకలాడుతాండాయి.

"మూడేంది మా? పడేటప్పుడు ఒక్కసారి అరిచినా. మల్ల నీళ్లు మింగినా... గొంతే రాలేదు."

లాజరు నా మొహం చూసినాడు. నేను వాడి మొహం చూడలేదు.

ఆ తర్వాతి రెండూ వినబడకపోయుంటే, నేను బుద్ధిగా, కట్టుబాటు తప్పకుండా, ఇంకా ఆ గట్టు మీదే నిలబడి ఉండేదాన్ని.

ఇంటికొచ్చినాక గడపలో నిలబడి లెక్కపెట్టినా. ఏసేపు వచ్చినాడు. లాజరు వచ్చినాడు. నేను వచ్చినా.

పిలిచినవాళ్లు రాలేదు.