కాల్డర్ బండ మీద లాంతరు

టావిరి లోయలో కాల్డర్ బండ అని ఒకటుంది. నదికి ఇవతల, కొండ కడుపులోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాయి. దాని మీద బోర్లా పడుకుంటే అవతలి కొండంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. తుపాకీ పట్టినవాడికి అంతకంటే మంచి చోటు లేదు. అయినా పొద్దుగూకాక అక్కడ ఎవరూ ఉండరు. ఎందుకని అడిగితే ఒక్కొక్కడూ ఒక్కో మాట చెబుతాడు. కుక్కలు మాత్రం బండ దగ్గరికి రాగానే కూలబడతాయి... ఈడ్చినా కదలవు.

ఆ రోజుల్లో నేను దుప్పుల వేటగాళ్ళ గుడిసెలకు గుర్రాల మీద పిండీ, తేయాకూ, తూటాలూ చేరవేసేవాణ్ణి. ఈ కథ ఆ వేటగాళ్ళలో ఒకడైన రేవి నోట విన్నాను. అతను చెబుతున్నంతసేపూ అతని బావమరిది నెవిల్ పక్కనే ఉన్నాడు. ఒక్క మాటా కాదనలేదు.

రేవి గురి గురించి గుడిసెల్లో చాలా చెప్పుకునేవాళ్ళు. ఈదురుగాలిలో, శిఖరం మీద ఆవగింజంత కనిపిస్తున్న కొండమేకను ఒకే తూటాతో పడగొట్టాడని... నిజమే. కానీ నెవిల్ అందులో ఏదీ కళ్ళారా చూడలేదు.

అది ఏప్రిల్. పోతుదుప్పులు జోడు కోసం బొబ్బలు పెట్టే కాలం. ఇద్దరూ గుడిసెకు తిరిగి వెళ్తూ బండ దాకా వచ్చేసరికి అవతలి కొండ మీంచి అరుపు వినిపించింది. పసుపు గడ్డిలో పెద్ద కొమ్ముల పోతు, ఒంటరిగా.

"ఏడొందల గజాలుంటుంది. వదిలేద్దాం," అన్నాడు రేవి. "చీకటి పడుతోంది."

"అవున్లే బావా. ఎవరూ చూడనప్పుడే నీ తూటా అంత దూరం పోతుంది. మా అక్క నమ్ముతుంది, నేనెందుకు నమ్మాలి?"

రేవి బండ మీద బోర్లా పడుకున్నాడు. గడ్డి ఎటు వాలుతోందో కాసేపు చూశాడు. గురిని పోతు వీపుకు నిలువెత్తు పైన పెట్టి, కొంచెం గాలికి ఎదురు జరిపి, ఊపిరి బిగబట్టి —

పేలుడు లోయంతా తిరిగింది. పోతు కదలకుండా నిలబడే ఉంది. ఆ తర్వాత కూలింది. తడి గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టు, తూటా తగిలిన చప్పుడు ఆలస్యంగా వచ్చింది.

అప్పుడు అవతల్నించి మూలుగు... చావలేదది.

"నేను వెళ్తున్నా," అన్నాడు రేవి.

"తెల్లారాక చూద్దాం బావా."

"రాత్రంతా దాన్నలా ఉంచనా? నువ్వు రెచ్చగొట్టావు, నేను కాల్చాను. ఇక్కడే ఉండి లాంతరు వెలిగించు. అది పడ్డ చోటు నీకే బాగా తెలుస్తుంది. నా టార్చి చూస్తూ ఎటు వెళ్ళాలో అటు ఊపు."

నది నడుం లోతుంది. మంచు నీళ్ళు. అవతలి కొండ ఎక్కేసరికి చిమ్మచీకటి. టార్చి వెలుతురు గడ్డి కుదుళ్ళ దాకా కూడా సరిగ్గా పోవడం లేదు. వెనక్కి తిరిగి చూశాడు. బండ మీద లాంతరు వెలుగుతోంది. నెమ్మదిగా ఎడమకు ఊగింది.

వెళ్ళాడు. మళ్ళీ ఎడమకు.

కుడివైపనుకున్నానే... అనుకున్నాడు రేవి. కానీ దూరం నించి చూసేవాడి చూపే నమ్మాలి. ఇంకాస్త ఎడమకు జరిగాడు.

మూలుగు వినిపించింది — కుడివైపు నించి, బాగా వెనక నించి.

ఆగాడు. లాంతరు మాత్రం ఎడమకే ఊగుతోంది. ఎడమకు... ఎడమకు... తొందరపెడుతున్నట్టు.

అడుగు వేయబోయాడు. కాలికింద రాయి జారింది. చప్పుడు కోసం చూశాడు. లేదు. చాలాసేపటికి, ఎక్కడో అడుగున, టక్కుమంది.

గడ్డి దుబ్బు రెండు చేతులా పట్టుకుని కూలబడ్డాడు. ముందు కోపమొచ్చింది. వీడికి కుడీ ఎడమా తెలియదా?

వెనక గడ్డి కదిలింది.

"బావా... ఎక్కడున్నావ్?"

నెవిల్. నిలువెల్లా తడిసిపోయాడు, చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి.

"లాంతరు ఎవరికిచ్చొచ్చావురా?"

"ఎవరికిస్తాను? ఇదిగో." పగిలిన లాంతరు గాజు టార్చి వెలుతురులో మెరిసింది. "నువ్వు నదిలో దిగకముందే జారిపడింది. అంటించనే లేదు. ఒక్కణ్ణే ఉండలేక నీ టార్చి చూసుకుంటూ వచ్చేశా."

రేవి చెయ్యెత్తి బండ వైపు చూపించాడు.

లాంతరు ఇంకా ఎడమకే ఊగుతోంది.

రేవి టార్చి ఆర్పేశాడు.

వెంటనే బండ మీది దీపం ఊగడం ఆగింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత బండ దిగింది. వాలు వెంట మెల్లగా వచ్చి నదిలో దిగింది... అంత వడి నీటిలో కూడా మినుకుమనలేదు, వణకలేదు. వాళ్ళున్న వైపు గట్టెక్కింది.

ఇద్దరూ గడ్డిలో బోర్లా పడుకున్నారు. పోతు మూలుగు ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరికీ తెలీదు.

వెలుగు వాళ్ళవైపు రాలేదు. సరిగ్గా వాళ్ళ కింద, ఇందాక రాయి పడ్డ అడుక్కి పోయింది. అక్కడ రాళ్ళ మధ్య, నేలకు బాగా దగ్గరగా వంగి, ఒక రాయి వెనక చూసింది. ఇంకో రాయి వెనక చూసింది. మళ్ళీ మొదటి చోటికే వచ్చింది.

నెవిల్ చెవిలో గొణిగాడు — "ఏం వెతుకుతోంది బావా?"

"నన్ను," అన్నాడు రేవి. "పడ్డాననుకుంటోంది."