ముళ్లకంప లాగిన చెయ్యి

"మా నాన్న నిద్రపోయాడట! ఆ మాటన్నవాడి నోరు పడిపోను!"

కాపలాదారు కూతురు గదిలోకి వస్తూనే అరిచింది. డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

నగరం నడుమ ఉన్న అడవి పార్కుకు ఆమె తండ్రి కాపలా. వానకు ఒక కాలిబాట మలుపు దగ్గర విరిగి లోయలోకి జారింది. ఆయన దానికి అడ్డంగా ముళ్లకంప వేశాడు. నిన్న పొద్దున మంచులో నడకకు వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ అక్కడే పడి కాలు విరగ్గొట్టుకుంది. కంప వెయ్యనే లేదనీ, నిద్రపోయి, ఆవిడ పడ్డాక తెచ్చి పడేశాడనీ పార్కు ఆఫీసరు తేల్చేశాడు. ఈ సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. వింటున్న డిటెక్టివ్ అసిస్టెంటుకు ఒళ్లు మండిపోయింది.

వాళ్లు వెళ్లి చూస్తే, మలుపు దగ్గర కంప బాట విరిగిన చోటు వైపు ఈడ్చి ఉంది. కొమ్మల మొదళ్లన్నీ అటే. బురదలో ముళ్ల గీతలూ అటే సాగాయి. విరిగిన చోటుకు అవతల ఉన్న వెనక గేటు నుంచి వచ్చిన బూట్ల గుర్తులు కొండవారగా గుంపుగా కనిపించాయి.

"ఎప్పుడూ ఇలాగే వేస్తావా?" అని వెంట వచ్చిన కాపలాదారును అడిగాడు డిటెక్టివ్.

"అవునండీ. మొదళ్లు జనం వైపుంటే పట్టుకుని లాగేస్తారు. అందుకే చివర చీలిన పంగలకర్రతో నెట్టి, ముళ్లు ఇటు, మొదళ్లు అటు పెడతాను."

రోజూ పొద్దున ఆ బాటలో పరుగెత్తే క్లబ్బు కెప్టెన్ రెండు చేతులూ చాపాడు. "కంప మావాళ్లే తీశారంటున్నాడా కాపలాదారు? ఒక్క గీత ఉందేమో చూడండి!"

ఆఫీసరు ఫ్యాను కింద కాఫీ తాగుతున్నాడు. "నిన్న నేను అడవి మొహమే చూడలేదు. వెనక గేటా? దాని తాళంచెవి నా జేబు దాటదు. నేను తియ్యందే ఈగ కూడా దూరదు."

సాయంత్రం టీచరమ్మ ఆస్పత్రి గదిలో అందరూ చేరారు.

"కంప వేసే ఉంది," అన్నాడు డిటెక్టివ్. "జనం నడిచే ఇటునుంచి లాగితే చేతులు చీరుకుపోవాలి, గీతలు ఇటు రావాలి. మొదళ్లు పట్టుకుని అటునుంచి లాగారు. అటు ఉన్నది వెనక గేటొక్కటే. తాళంచెవి ఎవరి జేబు దాటదో తమరే సెలవిచ్చారు. ఆ బూట్ల గుంపు మీ అతిథులదే. వాళ్లని కొండవారగా నడిపించుకొచ్చి, కంప తీసి, మళ్లీ వెయ్యకుండా పోయారు."

ఆఫీసరు మొహం మాడిపోయింది. "పెద్ద హోదా వాళ్లండీ! ముళ్లు దాటి రమ్మంటానా? సర్లే, ఏదో పొరపాటు. నీ ఉద్యోగం ఉంచుతానులే."

ఉంచుతాడట! అసిస్టెంటు పిడికిలి బిగించాడు. కానీ కాపలాదారే ముందుకొచ్చాడు.

"అమ్మగారు పడిపోయారని ఫోన్ చేస్తే, ముందు ఏమడిగారు సార్? ఎవరైనా చూశారా అన్నారు. ఆవిడ బతికుందా అని అడగలేదు."

టీచరమ్మ దిండు మీద నుంచి మెల్లగా లేచి కూర్చుని ఆఫీసరు వైపు వేలు చూపించింది.

"ఈయన మీద కేసు పెట్టమని పొద్దున నా చేత సంతకం చేయించబోయావు కదయ్యా! పిలవండి పోలీసుల్ని. విరిగింది కాలే, నోరు కాదు."